కెర్నల్ అప్‌డేట్ తర్వాత సర్వర్ బూట్ కావడం లేదా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఉబుంటు, డెబియన్, రెడ్‌హ్యాట్, ఆల్మా, రాకీ లినక్స్ మీద నడిచే సర్వర్ల కోసం ఈ పేజీ. కమాండ్లను నోటితో పలికే తీరులో తెలుగు అక్షరాల్లో రాశాం, టెర్మినల్‌లో మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి. మీ సర్వర్ ఈ క్షణాన పడిపోయి ఉంటే మొదటి మూడు ప్రశ్నలు చదివి పనిలోకి దిగండి. మిగతావి అది లేచాక తీరిగ్గా చదవొచ్చు.

రీబూట్ చేశాం, సర్వర్ తిరిగి రావడం లేదు. డేటా పోయినట్టేనా?

దాదాపు ఎప్పుడూ పోదు. కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి భాగం) అప్‌డేట్ ముట్టుకునేది /బూట్‌లోని కొన్ని ఫైళ్లనీ, /లిబ్/మాడ్యూల్స్ కింద కొత్తగా వచ్చే ఒక డైరెక్టరీనీ, గ్రబ్ (కెర్నల్‌ని మొదలుపెట్టే బూట్ ప్రోగ్రామ్) మెనూనీ. మీ డేటాబేస్, వెబ్‌సైట్ ఫైళ్లు, యూజర్ల హోమ్ డైరెక్టరీలు ఎక్కడివక్కడే ఉంటాయి. పైగా పాత కెర్నల్ కూడా డిస్కు మీదే ఉంటుంది. రెడ్‌హ్యాట్ కుటుంబంలో డీఎన్ఎఫ్ (ప్యాకేజీలు వేసే కమాండ్) మామూలుగా 3 కెర్నళ్లు ఉంచుతుంది (ఇన్‌స్టాల్‌ఓన్లీ_లిమిట్ అనే సెట్టింగ్). ఉబుంటులో ఆటోరిమూవ్ (అక్కర్లేని ప్యాకేజీలు తీసేసే కమాండ్) నడిచినా, అప్పుడు నడుస్తున్న కెర్నల్‌నీ అన్నిటికన్నా కొత్తదాన్నీ తీసేయదు.

కాబట్టి కంగారులో ఓఎస్ రీఇన్‌స్టాల్ చేయకండి. నిజంగా డేటా పోయేది అక్కడే, ఇన్‌స్టాలర్‌లో పార్టిషన్ ఎంచుకునే తెర దగ్గర.

పవర్ బటన్ మీదికి చెయ్యి పోకముందు కాస్త ఆగండి. వందల జీబీ ర్యామ్ ఉన్న మెషీన్ మెమరీ పరీక్షకే కొన్ని నిమిషాలు తీసుకుంటుంది. పెద్ద డిస్కు మీద ఎఫ్ఎస్‌సీకే (ఫైల్ సిస్టమ్ తనిఖీ) నడుస్తుంటే ఇంకా ఎక్కువ పడుతుంది. ఎఫ్ఎస్‌సీకే మధ్యలో కరెంటు తీస్తే, బూట్ సమస్య కాస్తా ఫైల్ సిస్టమ్ సమస్య అవుతుంది.

సరే, ముందుగా ఏం చేయాలి?

తెర చూడాలి. ఎస్ఎస్‌హెచ్ రావడం లేదన్న ఒక్క ముక్కతో ఏమీ తేలదు. డెల్ సర్వర్‌కి ఐడ్రాక్, హెచ్‌పీకి ఐలో, మిగతావాటికి ఐపీఎంఐ కన్సోల్, వర్చువల్ మెషీన్ అయితే హైపర్‌వైజర్ కన్సోల్ తెరవండి. చివరి 20 లైన్లు ఫోటో తీసుకోండి. రీబూట్ చేస్తే ఆ లైన్లు మళ్లీ దొరక్కపోవచ్చు.

బూట్ అంటే వరుసగా చేతులు మారే పని. ఫర్మ్‌వేర్ నుంచి గ్రబ్‌కి, గ్రబ్ నుంచి కెర్నల్‌కి, కెర్నల్ నుంచి ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్‌కి (డిస్కు తెరవడానికి కావలసిన డ్రైవర్ల మూట), అక్కణ్నుంచి అసలు రూట్ ఫైల్ సిస్టమ్ మీద ఉండి సర్వీసులను మొదలుపెట్టే సిస్టమ్‌డీకి. ఏ చేతిలో ఆగిందో తెలిస్తే సగం పని అయినట్టే, ఎందుకంటే ఒక్కో మెట్టుకి మందు వేరు. తెర మీద “గ్రబ్ రెస్క్యూ” అని ఉంటే కెర్నల్ ఇంకా మొదలే కాలేదు. “కెర్నల్ ప్యానిక్, నాట్ సింకింగ్: వీఎఫ్ఎస్” అని ఉంటే కెర్నల్ వచ్చింది కానీ ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ అందలేదు. “డ్రాకట్” అనో “ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్” అనో ప్రాంప్ట్ ఉంటే, అది అందింది కానీ రూట్ డిస్కు దొరకలేదు. “ఎమర్జెన్సీ మోడ్” అంటే రూట్ దొరికింది, ఆ తర్వాత మరేదో మౌంట్ కాలేదు. లాగిన్ ప్రాంప్ట్ వచ్చి నెట్‌వర్క్ లేకపోతే అది బూట్ సమస్యే కాదు.

తెర పూర్తిగా నల్లగా ఉంటే రెండు లెక్కలు. గ్రాఫిక్స్ డ్రైవర్ మాత్రమే చచ్చిపోయి సర్వర్ మామూలుగానే నడుస్తూ ఉండొచ్చు, కనుక ఒకసారి పింగ్ చేయండి. పింగ్ కూడా లేకపోతే గ్రబ్ మెనూలో కెర్నల్ లైన్ నుంచి క్వైట్, స్ప్లాష్ అన్న మాటలు తీసేసి, చివర నోమోడ్‌సెట్ చేర్చి బూట్ చేయండి. లైన్లు కనిపించడం మొదలవుతుంది.

పాత కెర్నల్‌తో ఎలా బూట్ చేయాలి?

గ్రబ్ మెనూ పట్టుకోవాలి. పాత బయాస్ మెషీన్‌లో షిఫ్ట్ నొక్కి పట్టుకోండి, యూఈఎఫ్ఐ అయితే ఫర్మ్‌వేర్ లోగో పోగానే ఎస్కేప్ ఒక్కసారి తట్టండి. ఎస్కేప్ ఎక్కువసార్లు తడితే మెనూ దాటిపోయి గ్రబ్ ప్రాంప్ట్‌లో పడతారు. భయపడక్కర్లేదు, నార్మల్ అని కొట్టి ఎంటర్ నొక్కి, వెంటనే ఒకసారి ఎస్కేప్ నొక్కితే మెనూ వస్తుంది.

ఉబుంటులో “అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్” లోపలికి వెళ్తే ప్రతి కెర్నల్‌కీ రెండు వరుసలుంటాయి, మామూలుది ఒకటి, రికవరీది ఒకటి. మూడో వరుస అంటే ఇంతకుముందు నడిచిన కెర్నల్. రెడ్‌హ్యాట్‌లో నేరుగా రెండో వరుస ఎంచుకోండి.

అది లేచిందా? అయితే సర్వీసులు నడవనివ్వండి, రిపేరు తర్వాత చేసుకోవచ్చు. కానీ డిఫాల్ట్ మార్చకుండా వదిలేయకండి, లేదంటే వచ్చే రీబూట్‌కి మళ్లీ ఇదే గొడవ. రెడ్‌హ్యాట్‌లో గ్రబ్బీ కమాండ్‌కి సెట్-డిఫాల్ట్ ఆప్షన్ ఇచ్చి పాత వీఎంలైనజ్ (కెర్నల్) ఫైలు దారి చెప్పాలి. ఉబుంటులో /ఈటీసీ/డిఫాల్ట్/గ్రబ్ ఫైలులో గ్రబ్_డిఫాల్ట్ విలువని కోట్‌లలో “1>2” అని పెట్టి అప్‌డేట్-గ్రబ్ నడపండి. లెక్క సున్నా నుంచి మొదలవుతుంది కనుక 1 అంటే అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, 2 అంటే అందులో మూడో వరుస. కోట్లు మరిచిపోతే షెల్ ఆ గుర్తుని వేరేగా అర్థం చేసుకుంటుంది. ఇంకో కొత్త కెర్నల్ వస్తే ఈ వరుస సంఖ్యలు కదిలిపోతాయి, కాబట్టి ఇది తాత్కాలికం అని గుర్తుంచుకోండి.

పాత కెర్నల్ కూడా సరిగ్గా అదే చోట ఆగితే, తప్పు కెర్నల్‌ది కాదు. డిస్కు, ఎఫ్ఎస్‌ట్యాబ్ (ఏ డిస్కు ఎక్కడ మౌంట్ కావాలో రాసి ఉండే ఫైలు), రెయిడ్ కార్డు (డిస్కులను కలిపి నడిపేది) వైపు చూడండి. ఈ ఒక్క పరీక్ష గంటల వెతుకులాట తప్పిస్తుంది.

“అనేబుల్ టు మౌంట్ రూట్ ఎఫ్ఎస్ ఆన్ అన్‌నోన్-బ్లాక్ 0,0” అంటే ఏమిటి?

కెర్నల్ అప్‌డేట్ తర్వాత తరచుగా కనిపించే ప్యానిక్ ఇది. డిస్కుని చదవడానికి కావలసిన డ్రైవర్ ఫైలు ఆ డిస్కు మీదే ఉంటుంది. బీరువా తాళంచెవిని బీరువాలోనే పెట్టి తాళం వేసినట్టు. ఆ చిక్కు విప్పడానికే ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ ఉంది. డ్రైవర్లన్నీ ఒక చిన్న మూటగా కట్టి గ్రబ్ చేత ముందే మెమరీలోకి ఎక్కిస్తారు. ఆ మూట లేకపోయినా, సగమే రాసి ఉన్నా, గ్రబ్ ఎంట్రీలో దాని లైన్ లేకపోయినా కెర్నల్‌కి డిస్కు అన్నదే కనిపించదు. 0,0 అంటే అదే. సున్నాల బదులు 8,1 లాంటి అంకెలుంటే డిస్కు కనిపించింది కానీ దాని మీది ఫైల్ సిస్టమ్‌ని చదవలేకపోయింది అని అర్థం.

మూట ఎందుకు తయారు కాలేదు? చాలాసార్లు /బూట్ నిండిపోవడం వల్ల. అప్‌డేట్ నడుస్తుండగా “నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్” అన్న లైన్ వందల లైన్ల మధ్య వచ్చి పోతుంది, ఎవరూ చూడరు. ఇంకో కారణం, ఎస్ఎస్‌హెచ్ తెగిపోయి అప్‌డేట్ మధ్యలో ఆగిపోవడం. అందుకే రిమోట్ సర్వర్ మీద అప్‌డేట్‌ని ఎప్పుడూ టీమక్స్ లేదా స్క్రీన్ (కనెక్షన్ తెగినా పని ఆగనివ్వని టూళ్లు) లోపల నడపాలి.

పాత కెర్నల్‌తో లేచాక /బూట్‌లో ఎల్ఎస్ కొట్టి సైజులు పోల్చండి. పాత ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ 60 ఎంబీ ఉండి కొత్తది 11 ఎంబీ ఉందంటే దొంగ దొరికాడు. ఉబుంటు, డెబియన్‌లో ముందు డీపీకేజీకి (ప్యాకేజీలు అమర్చే టూల్) కాన్ఫిగర్ ఆప్షన్‌తో -ఏ ఇచ్చి సగంలో ఆగిన పని పూర్తి చేయించండి. ఆ తర్వాత అప్‌డేట్-ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్‌కి -సీ, ఆపైన -కే తో కొత్త కెర్నల్ వెర్షన్ ఇచ్చి నడపండి, చివర అప్‌డేట్-గ్రబ్. రెడ్‌హ్యాట్‌లో డ్రాకట్‌కి (అక్కడ ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ తయారుచేసే టూల్) -ఎఫ్ ఆప్షన్, ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ ఇమేజ్ ఫైలు దారి, కెర్నల్ వెర్షన్ మూడూ ఇవ్వాలి. మెనూలో ఆ కెర్నల్ వరుసే లేకపోతే కెర్నల్-ఇన్‌స్టాల్ యాడ్ అని కొట్టి, వెర్షన్, /లిబ్/మాడ్యూల్స్ కింద ఆ వెర్షన్ డైరెక్టరీలోని వీఎంలైనజ్ దారి ఇస్తే ఎంట్రీ, ఇమేజ్ రెండూ పుడతాయి.

/బూట్ నిండిపోయింది, ఆప్ట్ కూడా ఎర్రర్ ఇస్తోంది. ఏం తీసేయొచ్చు?

ముందు యూనేమ్ -ఆర్ కొట్టి ఇప్పుడు నడుస్తున్న కెర్నల్ ఏదో చూసుకుని కాగితం మీద రాసుకోండి. దాన్ని ముట్టకూడదు.

మామూలుగా ఆప్ట్ ఆటోరిమూవ్‌కి పర్జ్ ఆప్షన్ ఇస్తే చాలు. కానీ డీపీకేజీ మధ్యలో ఇరుక్కుని ఉంటే ఆప్ట్ ఆ పని ఒప్పుకోదు: స్థలం లేక కొత్తది పూర్తి కాదు, కొత్తది పూర్తి కాక పాతది తీయనివ్వదు. అప్పుడు అన్నిటికన్నా పాత కెర్నల్‌కి చెందిన ఇనిట్‌ఆర్‌డీ ఇమేజ్ (ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్) ఫైలు ఒక్కటి చేత్తో తొలగించండి. అన్ని ఫైళ్లలోకీ పెద్దది అదే కనుక దాంతోనే ఊపిరి అందుతుంది. వీఎంలైనజ్ జోలికి వెళ్లొద్దు. వెంటనే డీపీకేజీ కాన్ఫిగర్, ఆపైన ఆటోరిమూవ్ నడపండి.

రెడ్‌హ్యాట్‌లో డీఎన్ఎఫ్ రిమూవ్‌కి ఓల్డ్‌ఇన్‌స్టాల్‌ఓన్లీ ఆప్షన్ ఉంది. ప్రతిసారీ ఇదే తలనొప్పి అయితే డెబియన్, ఉబుంటులో ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్-టూల్స్ కాన్ఫిగ్‌లో మాడ్యూల్స్ విలువని మోస్ట్ నుంచి డెప్‌కి మార్చండి, ఇమేజ్ బాగా చిక్కిపోతుంది. దానికో మూల్యం ఉంది: ఈ మెషీన్‌కి అవసరమైన డ్రైవర్లు మాత్రమే లోపలికి వెళ్తాయి, కాబట్టి డిస్కుని వేరే మెషీన్‌కి మారిస్తే లేవకపోవచ్చు. గ్రబ్‌లో “అవుట్ ఆఫ్ మెమరీ” అని వచ్చి ఆగిపోయే మెషీన్లలోనూ ఇమేజ్ మరీ పెద్దదవడమే కారణం కావచ్చు, అక్కడా ఇదే మందు పనిచేస్తుంది.

డ్రాకట్ ప్రాంప్ట్ దగ్గర ఆగిపోయింది. ఇక్కడేం చేయాలి?

ఇది చిన్న షెల్. కమాండ్లు కొన్నే ఉంటాయి, కానీ జబ్బు కనిపెట్టడానికి చాలు. ఉబుంటులో దీని రూపం వేరు: “అలర్ట్! యూయూఐడీ డజ్ నాట్ ఎగ్జిస్ట్, డ్రాపింగ్ టు ఎ షెల్” అని చెప్పి (యూయూఐడీ అంటే పార్టిషన్ గుర్తింపు సంఖ్య) ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ ప్రాంప్ట్ ఇస్తుంది.

మొదట /ప్రాక్/సీఎండీలైన్ ఫైలు చదవండి. కెర్నల్‌ని ఏ రూట్ వెతకమన్నారో అందులో ఉంటుంది. తర్వాత బీఎల్‌కేఐడీ కొట్టండి. అసలు ఏ డిస్కూ కనిపించకపోతే కంట్రోలర్ డ్రైవర్ లేదు. డిస్కు కనిపించి రూట్ వాల్యూమ్ మాత్రం లేకపోతే ఎల్‌వీఎం (డిస్కులను వాల్యూమ్‌లుగా పంచే పొర) లేవలేదు: ఎల్‌వీఎం వీజీఛేంజ్ -ఏవై కొట్టి, ఎగ్జిట్ అనండి. అంతటితో బూట్ ముందుకు కదిలితే ఇమేజ్‌ని మళ్లీ తయారు చేస్తే సరిపోతుంది, లేదా కెర్నల్ లైన్‌లో ఆర్‌డీ.ఎల్‌వీఎం.ఎల్‌వీ విలువ తప్పుగా ఉంది. రెడ్‌హ్యాట్ 9 కుటుంబంలో ఇంకొకటి చూడాలి: /ఈటీసీ/ఎల్‌వీఎం/డివైసెస్ కింద సిస్టమ్.డివైసెస్ ఫైలు. క్లోన్ చేసిన మెషీన్లలో అందులో పాత డిస్కు గుర్తింపే మిగిలిపోతుంది, ఎల్‌వీఎం కొత్త డిస్కుని పట్టించుకోదు.

డిస్కులు కొన్ని సెకన్లు ఆలస్యంగా కనిపిస్తే (శాన్ స్టోరేజ్, కొన్ని యూఎస్‌బీ ఎన్‌క్లోజర్లు) రూట్‌డిలే=15 చేర్చి చూడండి.

డ్రైవర్ సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. రెడ్‌హ్యాట్‌లో డ్రాకట్ మామూలుగా హోస్ట్‌ఓన్లీ పద్ధతిలో ఇమేజ్ కడుతుంది. అది కట్టిన రోజు ఆ మెషీన్‌లో ఏ హార్డ్‌వేర్ ఉందో దానికే. ఆ తర్వాత రెయిడ్ కార్డు మార్చినా, ఫిజికల్ సర్వర్‌ని వర్చువల్ మెషీన్‌గా మార్చినా పాత ఇమేజ్‌లో కొత్త డ్రైవర్ ఉండదు. మెనూలో చివర కనిపించే రెస్క్యూ ఎంట్రీలో మాత్రం డ్రైవర్లన్నీ ఉంటాయి. దాంతో లేస్తే, డ్రాకట్‌ని నో-హోస్ట్‌ఓన్లీ ఆప్షన్‌తో నడపండి. కావలసిన మాడ్యూల్ లోపల ఉందో లేదో రెడ్‌హ్యాట్‌లో ఎల్ఎస్‌ఇనిట్‌ఆర్‌డీ, డెబియన్‌లో ఎల్ఎస్‌ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ చూపిస్తాయి.

మరో సందర్భం పెద్ద వెర్షన్ మార్పు. రెడ్‌హ్యాట్ 8 వచ్చినప్పుడు పాత రెయిడ్, ఎస్ఏఎస్ కార్డులు చాలావాటికి మద్దతు తీసేశారు. సెంట్ఓఎస్ 7లో ఏళ్లతరబడి నడిచిన సర్వర్ కొత్త వెర్షన్‌లో తన డిస్కులనే చూడలేకపోవడానికి కారణం ఇది. ఈఎల్‌రెపో ఆ డ్రైవర్లను విడిగా ప్యాకేజీలుగా ఇస్తుంది. ఆల్మా లినక్స్ 9.4లో అలాంటి కొన్ని పాత పరికరాలకు మద్దతు తిరిగి తెచ్చారు.

“ఎమర్జెన్సీ మోడ్” అని రూట్ పాస్‌వర్డ్ అడుగుతోంది.

ఊరట కలిగించే తెర ఇది. రూట్ ఫైల్ సిస్టమ్ దొరికింది, కెర్నల్ బాగానే ఉంది. ఎఫ్ఎస్‌ట్యాబ్‌లోని ఏదో ఒక లైన్ మౌంట్ కాలేదు. సిస్టమ్‌డీ ఆ డిస్కు కోసం 90 సెకన్లు చూసి చేతులెత్తేసింది. కెర్నల్ అప్‌డేట్‌తో దీనికి సంబంధం ఒక్కటే: చాలా రోజుల తర్వాత రీబూట్ జరిగింది. ఆర్నెల్ల కింద ఎవరో తీసేసిన బ్యాకప్ డిస్కు లైన్ ఇప్పుడు బయటపడింది. లేదా ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అని పేర్లతో రాసి ఉంటే, కొత్త కెర్నల్ డిస్కులను వేరే వరుసలో కనిపెట్టి పేర్లు తారుమారయ్యాయి.

పాస్‌వర్డ్ ఇచ్చి లోపలికి వెళ్లి జర్నల్‌సీటీఎల్ -ఎక్స్‌బీ చూడండి. రూట్‌ని రాయదగ్గదిగా రీమౌంట్ చేసి, తప్పు లైన్ ముందు హ్యాష్ గుర్తు పెట్టి, సిస్టమ్‌సీటీఎల్ డీమన్-రీలోడ్ కొట్టి రీబూట్ చేయండి. ఆ పైన శాశ్వతంగా రెండు పనులు: పేర్లకు బదులు యూయూఐడీలు రాయండి, లేకపోయినా ఫర్వాలేదన్న డిస్కులకు నోఫెయిల్ ఆప్షన్ చేర్చండి.

ఉబుంటులో రూట్ ఖాతాకి పాస్‌వర్డ్ ఉండదు కనుక “రూట్ అకౌంట్ ఈజ్ లాక్డ్” అని తలుపు వేసేస్తుంది. గ్రబ్ మెనూలో ఇంగ్లిష్ “e” అక్షరం నొక్కి, లైనక్స్ అని మొదలయ్యే లైన్ చివర ఇనిట్=/బిన్/బ్యాష్ చేర్చి, కంట్రోల్ పట్టుకుని ఎక్స్ నొక్కండి. పని అయ్యాక ఎగ్జిట్ కొట్టకూడదు, ఆ షెల్లే మొదటి ప్రాసెస్ కనుక కెర్నల్ ప్యానిక్ అవుతుంది. సింక్ కొట్టి, రూట్‌ని మళ్లీ చదవడానికి మాత్రమే రీమౌంట్ చేసి, రీబూట్ -ఎఫ్ అనండి.

ఏ కెర్నలూ లేవడం లేదు. లైవ్ యూఎస్‌బీ నుంచి ఎలా బాగుచేయాలి?

సీహెచ్‌రూట్ పద్ధతి: యూఎస్‌బీ నుంచి లేచి, సర్వర్ డిస్కునే రూట్‌గా చేసుకుని కమాండ్లు నడపడం. వరుస తప్పితే సగం కమాండ్లు నిశ్శబ్దంగా తప్పు పని చేస్తాయి, కనుక నిదానంగా వెళ్లండి. యూఎస్‌బీలో అదే డిస్ట్రో, అదే లేదా కొత్త వెర్షన్ ఉండాలి. సర్వర్ యూఈఎఫ్ఐ అయితే యూఎస్‌బీని కూడా యూఈఎఫ్ఐగానే బూట్ చేయాలి. /సిస్/ఫర్మ్‌వేర్ కింద ఈఎఫ్ఐ డైరెక్టరీ కనిపిస్తే సరైన దారిలోనే ఉన్నారు.

1. ఎల్ఎస్‌బీఎల్‌కే -ఎఫ్ కొట్టి ఏది రూట్, ఏది /బూట్, ఏది ఈఎఫ్ఐ (వీఫ్యాట్ ఉన్న చిన్న పార్టిషన్) గుర్తించండి.
2. సాఫ్ట్‌వేర్ రెయిడ్ ఉంటే ఎండీఆడ్మ్‌ని అసెంబుల్, స్కాన్ ఆప్షన్లతో లేపండి. లక్స్ ఎన్‌క్రిప్షన్ ఉంటే తెరవండి, కానీ /ఈటీసీ/క్రిప్ట్‌ట్యాబ్‌లో ఉన్న పేరుతోనే. వేరే పేరుతో తెరిస్తే కొత్త ఇమేజ్‌లోకి డీక్రిప్ట్ చేసే భాగం చేరక, రిపేరు తర్వాత పాస్‌వర్డ్ అడగనే అడగదు. ఆ పైన వీజీఛేంజ్ -ఏవై.
3. రూట్‌ని /ఎంఎన్‌టీ మీద మౌంట్ చేయండి. బీటీఆర్ఎఫ్ఎస్ అయితే సరైన సబ్‌వాల్యూమ్ పేరు ఇవ్వాలి. తర్వాత /బూట్, దాని లోపల ఈఎఫ్ఐ.
4. /డెవ్, /ప్రాక్, /సిస్, /రన్ నాలుగింటినీ బైండ్ మౌంట్ చేసి సీహెచ్‌రూట్ కొట్టండి.
5. లోపల ముందుగా డీఎఫ్ -హెచ్, తర్వాత ఎల్ఎస్ /బూట్. /బూట్ ఖాళీగా కనిపిస్తే దాని పార్టిషన్ మౌంట్ చేయడం మరిచారు. అలాగే కొనసాగితే కొత్త ఇమేజ్ రూట్ డిస్కులో పడుతుంది, గ్రబ్‌కి కనిపించదు, ఎందుకు మారలేదో అర్థం కాదు.
6. ఇమేజ్ తయారు చేయండి. ఇక్కడ యూనేమ్ -ఆర్ లైవ్ యూఎస్‌బీ కెర్నల్ పేరే చెబుతుంది, సర్వర్‌ది కాదు. డ్రాకట్‌కి వెర్షన్ ఇవ్వకపోతే లేని కెర్నల్‌కి ఇమేజ్ కడుతుంది. /లిబ్/మాడ్యూల్స్‌లో ఉన్న పేరు చూసి ఇవ్వండి.
7. డెబియన్, ఉబుంటులో అప్‌డేట్-గ్రబ్, రెడ్‌హ్యాట్‌లో గ్రబ్2-ఎంకేకాన్ఫిగ్. వెర్షన్ 9లో అవుట్‌పుట్ ఎప్పుడూ /బూట్/గ్రబ్2 లోని గ్రబ్.సీఎఫ్‌జీకే వెళ్లాలి. ఈఎఫ్ఐ పార్టిషన్‌లో అదే పేరుతో ఉన్నది చిన్న సూచిక ఫైలు, దాని మీద రాసేస్తే కొత్త సమస్య మొదలవుతుంది.
8. బయటికి వచ్చి యూమౌంట్ -ఆర్ (ఆర్ పెద్దక్షరం), రీబూట్.

రెడ్‌హ్యాట్ ఇన్‌స్టాలర్ డీవీడీలో రెస్క్యూ ఎంపిక ఉంది, అది మొదటి నాలుగు మెట్లలో చాలా భాగం తనే చేసి /ఎంఎన్‌టీ/సిస్‌రూట్ మీద సిద్ధంగా పెడుతుంది. సెలైనక్స్ ఉన్న సర్వర్‌లో పాస్‌వర్డ్ లాంటివి మార్చి ఉంటే రూట్‌లో .ఆటోరీలేబుల్ అనే ఖాళీ ఫైలు సృష్టించండి. మొదటి బూట్ ఆలస్యమై తనంతట తానే ఇంకోసారి రీబూట్ అవుతుంది, అది మామూలే.

కెర్నల్ దాకా కూడా రావడం లేదు, గ్రబ్ దగ్గరే ఎర్రర్. ఇదీ కెర్నల్ అప్‌డేట్ వల్లేనా?

కెర్నల్‌తో పాటు గ్రబ్, షిమ్ (సెక్యూర్ బూట్ కోసం గ్రబ్‌కి ముందు నడిచే చిన్న ప్రోగ్రామ్) ప్యాకేజీలు కూడా అదే అప్‌డేట్‌లో వస్తాయి. 2020 జులైలో బూట్‌హోల్ అనే భద్రతా లోపానికి రెడ్‌హ్యాట్ ఇచ్చిన అప్‌డేట్ వేసుకున్నాక కొన్ని సర్వర్లు బూట్ కాకుండా ఆగిపోయాయి. తప్పు షిమ్‌లో ఉంది, కెర్నల్‌లో కాదు. రెస్క్యూ నుంచి షిమ్‌ని డౌన్‌గ్రేడ్ చేసి లేపాల్సి వచ్చింది. ఆ తర్వాత సరిచేసిన షిమ్ విడుదలైంది.

అదే రోజుల్లో ఉబుంటు, డెబియన్ బయాస్ మెషీన్లలో “సింబల్ గ్రబ్_కాలాక్ నాట్ ఫౌండ్” అన్న ఎర్రర్ కనిపించింది. డిస్కు మొదట్లో రాసి ఉన్న గ్రబ్ ముక్క పాతది, /బూట్‌లోని గ్రబ్ మాడ్యూళ్లు కొత్తవి, రెండూ పొసగలేదు. ఆ ముక్క ఎందుకు పాతబడింది? గ్రబ్-పీసీ ప్యాకేజీకి ఏ డిస్కు మీద రాయాలో తప్పుగా గుర్తుంది. సీహెచ్‌రూట్ చేసి అసలు బూట్ డిస్కు మీద గ్రబ్-ఇన్‌స్టాల్ నడిపి, డీపీకేజీ-రీకాన్ఫిగర్ గ్రబ్-పీసీలో ఆ డిస్కుని టిక్ పెట్టండి. రెయిడ్ 1 ఉంటే రెండు డిస్కులకూ పెట్టాలి, లేదంటే మొదటి డిస్కు చచ్చిన రోజున రెండోది బూట్ కాదు.

రెడ్‌హ్యాట్ యూఈఎఫ్ఐలో మాత్రం గ్రబ్2-ఇన్‌స్టాల్ వాడొద్దు, అది సంతకం లేని గ్రబ్‌ని పెడుతుంది. గ్రబ్2-ఈఎఫ్ఐ, షిమ్ ప్యాకేజీలను డీఎన్ఎఫ్ రీఇన్‌స్టాల్ చేయడమే సరైన దారి.

సెక్యూర్ బూట్ “బ్యాడ్ షిమ్ సిగ్నేచర్” అంటోంది.

సెక్యూర్ బూట్ సంతకం ఉన్నవాటినే నడవనిస్తుంది. మీరు డిస్ట్రో సంతకం లేని కెర్నల్ వేశారు, ఉబుంటు మెయిన్‌లైన్ కెర్నల్ లాంటిది. డిస్ట్రో ఇచ్చిన కెర్నల్‌కి తిరిగి వెళ్లండి. కెర్నల్ లేచి, జడ్‌ఎఫ్ఎస్, ఎన్విడియా వంటి బయటి మాడ్యూళ్లు మాత్రమే “కీ వాజ్ రిజెక్టెడ్” అంటుంటే మోక్‌యుటిల్‌తో మీ కీని ఇంపోర్ట్ చేసి, రీబూట్‌లో వచ్చే నీలి తెర దగ్గర ఒప్పుకోవాలి. ఆ తెర కన్సోల్‌లోనే వస్తుంది, ఎస్ఎస్‌హెచ్‌లో కాదు.

బయటి మాడ్యూళ్లు ఉన్న సర్వర్‌లో రీబూట్‌కి ముందు డీకేఎంఎస్ (బయటి మాడ్యూళ్లను ప్రతి కెర్నల్‌కీ కట్టే టూల్) స్టేటస్ చూడటం తప్పనిసరి అలవాటు కావాలి. కొత్త కెర్నల్ పేరు ఎదురుగా ఇన్‌స్టాల్డ్ అని లేకపోతే ఆ మాడ్యూల్ రాదు. రూట్ ఫైల్ సిస్టమే జడ్‌ఎఫ్ఎస్ అయితే సర్వరే రాదు.

సర్వర్ లేచింది, నెట్‌వర్క్ లేదు.

కన్సోల్‌లో ఐపీ ఎల్ కొట్టండి. కార్డు పేరు మారి ఉంటే (ఈఎన్‌ఓ1 కాస్తా వేరే పేరైతే) పాత పేరుతో రాసిన కాన్ఫిగ్ పనిచేయదు. నెట్‌ప్లాన్‌లో పేరుకి బదులు మ్యాక్ అడ్రస్‌తో మ్యాచ్ రాసుకోండి. కార్డే కనిపించకపోతే డ్రైవర్ లేదు. ఉబుంటులో లినక్స్-మాడ్యూల్స్-ఎక్స్‌ట్రా ప్యాకేజీ కొత్త కెర్నల్ వెర్షన్‌కి రాలేదేమో చూడండి. చాలా హార్డ్‌వేర్ డ్రైవర్లు అందులోనే ఉంటాయి.

క్లౌడ్ సర్వర్‌కి యూఎస్‌బీ పెట్టలేం కదా?

డిస్కునే ఇంకో సర్వర్‌కి తగిలించాలి. ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్) తీరు చెబుతాం, మిగతా క్లౌడ్‌లలోనూ సూత్రం అదే.

ముందు గెట్ సిస్టమ్ లాగ్ చూడండి, ఏ మెట్టు దగ్గర ఆగిందో అందులో ఉంటుంది. నైట్రో ఇన్‌స్టెన్స్ అయి, సీరియల్ కన్సోల్‌ని ఖాతాలో ముందే అనుమతించి ఉంటే గ్రబ్ మెనూ దాకా వెళ్లొచ్చు. కానీ గ్రబ్ సీరియల్‌కి రాసేలా సెట్టింగ్ ఉండాలి, లాగిన్‌కి పాస్‌వర్డ్ ఉన్న యూజర్ ఉండాలి. ఇవి రెండూ సర్వర్ బాగున్నప్పుడే చేసి పెట్టుకోవలసినవి.

లేకపోతే ఇన్‌స్టెన్స్‌ని స్టాప్ చేయండి. టర్మినేట్ కాదు. ఇన్‌స్టెన్స్ స్టోర్ డిస్కుల్లో డేటా ఉంటే స్టాప్‌తోనే పోతుంది, ఎలాస్టిక్ ఐపీ లేకపోతే పబ్లిక్ ఐపీ మారుతుంది, ఈ రెండూ ముందే ఆలోచించుకోండి. రూట్ వాల్యూమ్‌కి స్నాప్‌షాట్ తీసి, దాని డివైస్ పేరు రాసుకుని, విడదీయండి. సాయం చేసే సర్వర్ అదే అవైలబిలిటీ జోన్‌లో ఉండాలి. 2022 నవంబరులో మొదలైన హైదరాబాద్ రీజియన్‌లో ఉన్న వాల్యూమ్‌ని ముంబై సర్వర్‌కి తగిలించలేరు, హైదరాబాద్‌లోనే పక్క జోన్‌కి కూడా కుదరదు. సాయం చేసే సర్వర్ పూర్తిగా బూట్ అయ్యాకే వాల్యూమ్‌ని తగిలించండి. రెండూ ఒకే ఇమేజ్ నుంచి పుట్టినవైతే లేబుళ్లు, యూయూఐడీలు ఒకటే ఉంటాయి, ముందే తగిలిస్తే చెడిన డిస్కు మీద నుంచి బూట్ అయ్యే ప్రమాదం ఉంది. అదే కారణంగా ఎక్స్ఎఫ్ఎస్ మౌంట్ నిరాకరిస్తే నోయూయూఐడీ ఆప్షన్ ఇవ్వండి. ఆ తర్వాత పైన చెప్పిన సీహెచ్‌రూట్ మెట్లే. తిరిగి తగిలించేటప్పుడు రాసుకున్న డివైస్ పేరే ఇవ్వాలి.

అజూర్‌లో ఇదంతా ఏజడ్ వీఎం రిపేర్ కమాండ్లు చేసిపెడతాయి. గూగుల్ క్లౌడ్‌లో సీరియల్ పోర్ట్‌ని మెటాడేటాలో తెరవాలి.

ఈ రోజు మేం ఏ అప్‌డేటూ చేయలేదు. మరి ఎలా?

ఉబుంటులో అన్‌అటెండెడ్-అప్‌గ్రేడ్స్ ఎప్పుడో కెర్నల్ వేసి ఉంటుంది. అది అమల్లోకి వచ్చేది రీబూట్‌తోనే, అది ఈ రోజు జరిగింది. /వార్/లాగ్/ఆప్ట్ కింద హిస్టరీ లాగ్ చూడండి, రెడ్‌హ్యాట్‌లో డీఎన్ఎఫ్ హిస్టరీ. తేదీతో సహా ఉంటుంది.

లాగ్‌లో ప్యానిక్ గురించి ఏమీ లేదేం?

రూట్ మౌంట్ కాకముందే పడిపోతే రాయడానికి డిస్కు లేదు. సీరియల్ కన్సోల్ ఒక్కటే సాక్ష్యం. కెర్నల్ లైన్‌లో రెండు కన్సోల్ విలువలు ఇవ్వొచ్చు, టీటీవై0 ఒకటి, టీటీవైఎస్0,115200 ఒకటి. చివర రాసినదానికే సిస్టమ్ సందేశాలు పూర్తిగా వెళ్తాయి, కాబట్టి సీరియల్‌ని చివర పెట్టండి.

వచ్చే కెర్నల్ అప్‌డేట్‌కి ఇలా కాకుండా ఏం చేయాలి?

ఆప్ట్-మార్క్ హోల్డ్ పెట్టి కెర్నల్ అప్‌డేట్లే ఆపేయడం పరిష్కారం కాదు. భద్రతా లోపాలు పేరుకుపోతాయి. సమస్య ఉన్న ఒక్క వెర్షన్ దాటేవరకు మాత్రమే హోల్డ్ పెట్టండి, తీయాల్సిన తేదీని క్యాలెండర్‌లో రాసుకోండి.

అసలైన రక్షణ ఒక్కసారి బూట్. పాత కెర్నల్‌ని డిఫాల్ట్‌గా ఉంచి, కొత్తదాన్ని ఒక్కసారికి మాత్రమే ప్రయత్నించమనడం. డెబియన్, ఉబుంటులో గ్రబ్_డిఫాల్ట్‌ని సేవ్డ్ చేసి అప్‌డేట్-గ్రబ్ నడిపి, గ్రబ్-సెట్-డిఫాల్ట్‌కి పాతదాన్నీ, గ్రబ్-రీబూట్‌కి కొత్తదాన్నీ ఇవ్వాలి. రెడ్‌హ్యాట్‌లో గ్రబ్బీతో పాతది డిఫాల్ట్, గ్రబ్2-రీబూట్‌తో కొత్తది. అక్కడ /ఈటీసీ/సిస్‌కాన్ఫిగ్/కెర్నల్‌లో అప్‌డేట్‌డిఫాల్ట్ విలువ “yes” అని ఉంటే ప్రతి కొత్త కెర్నల్ తనే డిఫాల్ట్ అయిపోతుంది, నో చేయండి.

కొత్తది పడిపోతే సర్వర్ తనంతట తానే రీబూట్ కావాలి కదా. దానికి కెర్నల్ లైన్‌లో ప్యానిక్=10 చేర్చండి. సిస్‌సీటీఎల్‌లో పెడితే సరిపోదు, బూట్‌లో పడే ప్యానిక్ నాటికి ఆ ఫైలు ఇంకా చదవలేదు. డెబియన్, ఉబుంటులో ఇదే సెట్టింగ్ వల్ల ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ కూడా షెల్‌లో కూర్చోకుండా 10 సెకన్లకు రీబూట్ చేస్తుంది. డ్రాకట్‌కి మాత్రం విడిగా ఆర్‌డీ.షెల్=0, ఆర్‌డీ.ఎమర్జెన్సీ=రీబూట్ రెండూ ఇవ్వాలి.

ఇందులో ఒక మెలిక ఉంది. ఒక్కసారి బూట్ పనిచేయాలంటే గ్రబ్ తన గ్రబ్‌ఈఎన్‌వీ ఫైలులో ఆ గుర్తుని చెరపగలగాలి. /బూట్ ఎల్‌వీఎం మీదో, సాఫ్ట్‌వేర్ రెయిడ్ మీదో ఉంటే గ్రబ్ చదవగలదు కానీ రాయలేదు. “డిస్క్‌ఫిల్టర్ రైట్స్ ఆర్ నాట్ సపోర్టెడ్” అన్న లైన్ కనిపిస్తే మీది అదే పరిస్థితి. అప్పుడు గుర్తు చెరగదు, సర్వర్ ప్రతి రీబూట్‌లోనూ ఆ చెడ్డ కెర్నల్‌కే వెళ్లి పడిపోతూ ఉంటుంది. అలాంటి మెషీన్‌ని కన్సోల్ చేతిలో లేకుండా రీబూట్ చేయకండి.

రీబూట్ కొట్టే ముందు చూడాల్సినవి ఇంతే: డీఎఫ్‌లో /బూట్‌కి చోటు ఉందా, కొత్త ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ సైజు పాతదానికి దగ్గరగా ఉందా, డీకేఎంఎస్ స్టేటస్ సరిగ్గా ఉందా, మౌంట్ -ఏ ఎర్రర్ లేకుండా నడిచిందా, ఫైండ్‌ఎంఎన్‌టీకి వెరిఫై ఆప్షన్ ఇస్తే ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో తప్పు చూపిస్తోందా, ఐడ్రాక్ లేదా ఐలో పాస్‌వర్డ్‌తో నిజంగా లాగిన్ అవగలుగుతున్నారా. చివరిది తప్పకుండా అదే రోజు, బ్రౌజర్‌లో కన్సోల్ తెర తెరుచుకునేదాకా పరీక్షించండి.